మిగులు గడిలో నాలుగు మూటలు

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కల ఆఫీసులో పనిచేశాను. ఎవరింటికి నెలకు ఎంత వస్తుంది, ఎంత పోతుంది, చివరికి చేతిలో ఎంత మిగులుతుంది అని ఊరూరా తిరిగి అడిగి, ఫారాల్లో నింపి పైకి పంపడం మా పని. ఇప్పుడు అదే పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ అనుభవాలేమైనా చెప్పండి సార్" అంటారు. నేను బస్సు చెడిపోయిన కథో, కుక్క తరిమిన కథో చెప్పి, కాఫీ ఇచ్చి పంపేస్తాను. వాళ్ళు నవ్వుకుంటూ పోతారు. వాళ్ళకు చెప్పాల్సింది వేరే ఉంది. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

అరవైల్లో సంగతి. అనంతపురం ఆఫీసులో చేరి నాకు రెండేళ్ళయింది, ఉద్యోగం ఇంకా టెంపరరీనే. జీతం అన్నీ కలిపి నూట రెండు రూపాయలు. మాది ధర్మవరం వైపు, మగ్గం ఇల్లు. ఊళ్ళో ఉన్న నాయనకు నెలనెలా ఇరవై పంపాలి. ఇంటి బాడిగ, అంగడి బాకీ, పాలు, కట్టెలు, కిరోసిన్, చాకలి, చీటీ అన్నీ కట్టేశాక నా చేతిలో ఆరు రూపాయలు నిలిచేవి. ఒక్కో నెల అవీ నిలిచేవి కావు.

ఆఫీసులో మేం నలుగురం ఒక గదిలో కూర్చునేవాళ్ళం. ఆరుగురు పిల్లల తండ్రి అయిన పెద్ద గుమాస్తా, ఒక టైపిస్టు, నల్లమాడ దగ్గరి రైతు కొడుకు ఒకడు, నేను. మాకొక ఆచారం ఉండేది. ప్రతి నెలా ఐదో తారీఖు నాటికి ఎవరి బాకీలు వాళ్ళు కట్టేసుకుంటారు కాబట్టి, ఆ సాయంత్రం అందరం ఎవరికెంత మిగిలిందో నిజం చెప్పాలి. ఎవరి మిగులు ఎక్కువైతే వాళ్ళు మిగతా ముగ్గురికీ టీ పోయించాలి. జీతం పెద్దదైనవాడు ఎప్పుడూ గెలిచేవాడు కాదు. పెద్ద గుమాస్తా జీతం నాకు రెండింతలు, కానీ ఆయన ఏనాడూ టీ పోయించలేదు. "నా జీతం చూసి ఏడుస్తారు గానీ, నా ఇంటికొచ్చి చూడండప్పా" అనేవాడు. ఎక్కువసార్లు టీ పోయించింది టైపిస్టు. అతనికి ఇంకా పెళ్ళి కాలేదు.

ఆ సంవత్సరం ఇంటింటి ఆదాయ వ్యయాల సర్వే వచ్చింది. ఏడాదిలో మూడుసార్లు అవే ఇళ్ళకు పోవాలి. నాకు కుందుర్పి వైపు పడింది, రైతు కొడుక్కి వాళ్ళ నల్లమాడ వైపే పడింది. ఫారం చివర్లో పెద్ద గడి ఒకటి ఉండేది, మిగులు అని. దాని కింద చిన్న అక్షరాలతో, ఇంట్లో నిల్వ ఉన్న సరుకుకు ఊరి ధర కట్టి మిగులులో చూపవలెను అని రాసి ఉండేది. దాని పక్కన నాలుగు వేళ్ళంత వెడల్పున రిమార్కుల గడి. మా సూపరింటెండెంటు కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినాయన. రిమార్కులు రాస్తే ఆయనకు గిట్టేది కాదు. "కథలు రాయకండోయ్, అంకెలు రాయండి" అనేవాడు. నేను ఆయన చెప్పినట్టే నడుచుకునేవాణ్ణి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదటి దఫా పోయాను. కుందుర్పి దాటి మూడు మైళ్ళు నడిస్తే ఆ ఊరు. ముందటేడు వాన మొహం చాటేసింది. పది ఇళ్ళు నా వంతు. ఏడో ఇల్లు నేను చెప్పబోయేది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, నాలుగెకరాల ఎర్ర నేల. ఆయనకు నలభై దాటి ఉంటాయి. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, కానీ నన్ను కొడుకుని పిలిచినట్టు పిలిచింది.

"నెలకు ఎంత వస్తుందమ్మా?" అని మొదలుపెట్టాను.

"నెలకని యాడొస్తాదప్పా? వచ్చిన దినం వస్తాది, రాని దినం రాదు" అంది.

మొగుడు అడ్డం వచ్చాడు. "సారుకు అట్ల జెప్తే ఎట్ల రాసుకుంటాడు? రాసుకో సారూ. నేను బండి తోలేది, ఆయమ్మ కూలికి పోయేది, అంతా గలిపి పోయిన నెల ముప్పై ఎనిమిది."

ఖర్చు నలభై ఒకటి తేలింది. మూడు రూపాయలు తక్కువ. ఆ మూడు రూపాయలు అంగడిలో బాకీ అన్నాడు. ఇక నిల్వ సరుకు రాయాలి. ఇంట్లో మూల నాలుగు రాళ్ళ వరసల మీద నాలుగు మూటలు నిలబెట్టి ఉన్నాయి. చెనిక్కాయలు, అదే వేరుశనగ. మూతులు కుట్టేసి, ఒక్కోదానికి పసుపు బొట్టు పెట్టి, వేపమండ గుచ్చారు. నేను పెన్సిలు చాపి ఒకటి, రెండు అనబోయాను.

"ఎంచొద్దప్పా!" అని ఆమె గబుక్కున లేచి అడ్డం నిలబడింది. "అవి విత్తనాలు. విత్తనాన్ని ఎంచకూడదు."

"ఎంచితే ఏమవుతుంది?"

"ఏమైతాదో ఎవురు జూసినారు? మా యత్త ఎంచలేదు, నేను ఎంచను."

"మీవే కదా అవి?"

"మావి యాడివప్పా, భూమివి. పోయిన ఆరుద్ర కార్తెలో నాలుగు మూటలు భూమిలో యేసినాము, ఆ నాలుగే తిరిగొచ్చినాయి. ఈ ఆరుద్రకు మళ్ళా దానికే ఇచ్చేది."

నేను పల్లెటూరి మాటలని మనసులో నవ్వుకున్నాను. పెన్సిలు జేబులో పెట్టి, కళ్ళతోనే లెక్కపెట్టుకున్నాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

బయల్దేరబోతుంటే ఆమె చిన్న బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు తెచ్చిపెట్టింది. "కాయలుండాయి గానీ పెట్టలేను. ఏమనుకోవద్దు నాయనా" అంది. చిన్న పిల్ల నా చేతిలోని బెల్లం వైపే చూస్తూ నిలబడింది. నాలుగు మూటలు మూల పెట్టుకొని, వచ్చినవాడికి గుప్పెడు కాయలు పెట్టలేని పిసినారితనం ఏమిటని నాకు అనిపించింది. ఆ మాట ఈరోజు రాయడానికి సిగ్గుగా ఉంది. అన్నీ నా కళ్ళముందే ఉన్నాయి. నాకు చూపు లేదు, అంతే.

ఆ సాయంత్రం బడి వసారాలో కూర్చుని లెక్క వేశాను. మూటకు ఇరవై ఎనిమిది చొప్పున నాలుగు మూటలకు నూట పన్నెండు. అందులో మూడు పోతే నూట తొమ్మిది. మిగులు గడిలో నూట తొమ్మిది అని చక్కటి అంకెలు వేశాను. పది ఇళ్ళల్లోనూ మూటలు ఉన్నాయి, పది ఫారాల్లోనూ మిగులు బ్రహ్మాండంగా వచ్చింది. రిమార్కుల గడి తెల్లగా వదిలేశాను.

అనంతపురం తిరిగొచ్చాక ఐదో తారీఖు వచ్చింది. అందరూ మిగులు చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చినప్పుడు, "నాది ఆరు. మా కుందుర్పి రైతుది నూట తొమ్మిది. పైగా ఇంటికి పోతే గుప్పెడు కాయలు కూడా పెట్టలేదు" అన్నాను.

పెద్ద గుమాస్తా బల్ల మీద చెయ్యేసి కొట్టాడు. "అట్లయితే ఈ నెల టీ ఆ రైతే తాపించాల కదప్పా!"

గది అంతా నవ్వులు. సూపరింటెండెంటు కూడా గుమ్మంలోకి వచ్చి, సంగతేమిటని అడిగి నవ్వాడు. రైతు కొడుకు ఆ రోజు క్యాంపులో ఉన్నాడు. ఉండుంటే ఆ నవ్వు అక్కడే ఆగిపోయేది. నా పొరపాటూ అక్కడే ఆగిపోయేది.

తర్వాత నెలలో కరువు పనుల మాట వచ్చింది. రోడ్డుకు కంకర కొట్టే పని, మనిషికి దినకూలి. అన్ని ఊళ్ళకూ ఇచ్చేంత సొమ్ము లేదు కాబట్టి, మిగులు తక్కువున్న ఊళ్ళను ముందు చూడమని పైనుంచి రాశారు. మిగులు ఎక్కడిది? మా ఫారాల్లోది. సూపరింటెండెంటు ఊరివారీ పట్టీ తయారు చేసి పంపాడు. నల్లమాడ వైపు ఊళ్ళు పైన పడ్డాయి. నా ఊరు అన్నిటికంటే అడుగున పడింది. పట్టీని సరిచూసి ఇచ్చింది నేనే. కూడికలో ఒక్క తప్పు కూడా లేదు.

వైశాఖంలో రెండో దఫా పోయాను. ఏడో ఇంటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆమె పెద్దపిల్లకు తల దువ్వుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రా అప్పా. ఈసారి ఎంచుకో" అంది.

మూల రాళ్ళ వరసలు నాలుగూ అట్లాగే ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు.

మొగుడు బయటినుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కరువు పని మీ ఊరికి లేదన్యారు సారూ. నలుగురం తాలూకాఫీసుకు పోయి అడిగినాము. మీ ఊర్లో ఇంటికి నూరు రూపాయలు మిగులు ఉండాదంట గదా అని ఒగాయన కాగితం జూపిచ్చినాడు. మేము నవ్వినాము. నవ్వక ఏం జేస్తాము?"

"మూటలు?" అన్నాను.

"రెండు సంతలో ఇచ్చేసినాము. పద్దెనిమిదికి అడిగినాడు, ఇచ్చినాము. ఒగటి అంగడి బాకీకి పోయింది. కడాది పిల్లోళ్ళు తినిరి." నా వైపు తిరిగాడు. "సారూ, నువ్వు చదువుకున్నోడివి. పెద్దోళ్ళు తెలిసింటారు. ఎవురో తప్పు రాసినారు, ఒగ మాట జెప్పు. ఇప్పుడు పనిచ్చినా ఆరుద్రకు దుడ్లు కూడబెట్టి విత్తనం కొనుక్కుంటాము. ఆరుద్ర దాటితే మా పని అయిపోయినట్లే."

ఎవరో తప్పు రాశారు అన్నాడు. ఆ ఎవరో తన పక్కనే కూర్చున్నాడని ఆయనకు తోచలేదు. ఆమెకు మాత్రం తెలుసని నాకు అనుమానం. నేను ఫారం నింపుతున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు, నా పెన్సిలునే చూసింది.

ఆఫీసుకు వచ్చి రైతు కొడుకుని పక్కకు పిలిచి అడిగాను. "నువ్వు విత్తనం మూటలు ఎక్కడ రాసినావు?"

"మిగుల్లో యాల రాస్తానప్పా?" అన్నాడు ఆశ్చర్యంగా. "రిమార్కుల్లో విత్తనం అని పెట్టి ఇడిసిపెట్టినా. సూపరింటెండెంటు కొంచెం అరిసినాడు, అరసనీలే అనుకున్నా." నా మొహం చూసి అతనికి అర్థమైంది. "నువ్వు రాసినావా? నన్ను ఒగ మాట అడిగింటే జెప్పిండేవాణ్ణి గదప్పా."

అడగలేదు. అడగాలని తోచనే లేదు. నేను సేద్యం ఎరగని ఇంట్లో పుట్టానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ సాకే. మా నాయన మగ్గం పక్కన తర్వాతి చీర నేతకని పడుగు నూలు కండెలు ఎప్పుడూ నిల్వ ఉండేవి. ఎంత ఇబ్బందైనా ఆయన వాటి జోలికి పోయేవాడు కాదు. ఎవడైనా వచ్చి ఆ నూలుకు ధర కట్టి, నీకింత మిగులుంది అని రాసుకుని ఉంటే, నాయన వాణ్ణి గడప దాటనిచ్చేవాడు కాదు. అది నాకు పుట్టుకతో తెలుసు. జీతం రాళ్ళు చేతిలో పడ్డాక మరిచిపోయాను.

ఆ సాయంత్రమే అరపేజీ ఉత్తరం రాశాను. ఫలానా ఊరి పది ఫారాల్లో విత్తనాన్ని పొరపాటున మిగులుగా చూపించాను, ఆ పొరపాటు నాది, ఆ ఊరి మిగులు నిజానికి ఏమీ లేదు, దయచేసి పట్టీ సరిచేయండి అని. మర్నాడు పొద్దున సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు. నేననుకున్నట్టు అరవలేదు. "కూర్చోవోయ్" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. "ఇది పైకి పోతే ఏమవుతుందో తెలుసా? నువ్వు టెంపరరీ. ముందు నిన్ను తీసేస్తారు. తర్వాత నన్నడుగుతారు, చూడకుండా ఎలా సంతకం పెట్టావని. ఆ ఊరికి పని ఇస్తారా అంటే, ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. నాకు తెలీదు."

"మరి ఏం చెయ్యమంటారు సార్?"

"నన్నడగకు. పంపమంటే పంపుతాను, ఆపనని మాట ఇస్తున్నాను. కానీ దీని మీద నీ సంతకం లేదు చూడు. సంతకం పెట్టి ఇవ్వు." తన పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు.

ఆయన్ని విలన్ని చేసి చెప్పుకోగలిగితే నాకెంతో సుఖంగా ఉండేది. కానీ ఆయన పెన్ను ఇచ్చాడు. తీసుకున్నది నేను, సంతకం పెట్టనిది నేను. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది నాలుగు మూటలు కాదు, నా నెల లెక్క. బాడిగ, అంగడి, నాయనకు పంపే ఇరవై. ఉద్యోగం పోతే ఆరు రూపాయలతో ఎన్నాళ్ళు? వాళ్ళ ఇంటి లెక్కను నా ఇంటి లెక్క పక్కన పెట్టి చూసుకున్నాను. నాది బరువుగా కనిపించింది. ఎవరిది వాళ్ళకు అట్లాగే కనిపిస్తుంది.

"రేపిస్తాను సార్" అన్నాను.

ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మర్నాడు ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ మర్నాడు కూడా అంతే. రోజూ ఉదయం ఈరోజు ఇస్తాను అనుకునేవాణ్ణి. చొక్కా చాకలికి వేసే ముందు ఉత్తరం తీసి, మళ్ళీ ఉతికిన చొక్కాలో పెట్టుకునేవాణ్ణి. అట్లా మూడు చొక్కాలు మారాయి. ఈలోగా ఆరుద్ర కార్తె వచ్చింది.

ఆ ఏడు వాన ఎట్లా పడిందంటే, అనంతపురంలో ముసలివాళ్ళు కూడా ఇట్లాంటి వాన చూసి చాలా ఏళ్ళయిందన్నారు. వీధుల్లో పిల్లలు తడుస్తూ ఎగిరారు. ఆఫీసులో అందరూ కిటికీల దగ్గర నిలబడి నవ్వుతూ చూశారు. నేను లేచి వెళ్ళలేదు. నా జీవితంలో వానను చూసి భయపడింది అదొక్కసారే.

మూడో దఫా శ్రావణంలో పోయాను. కుందుర్పి దాటి నడుస్తుంటే దారికి రెండు పక్కలా చెనిక్కాయ చేలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. మిగతా ఇళ్ళవాళ్ళు ఏదో ఒకటి అమ్మో, వడ్డీకి తెచ్చో కొంచెం కొంచెం విత్తారు. ఏడో ఇంటివాళ్ళ నాలుగెకరాల్లో మాత్రం మోకాలెత్తు గడ్డి లేచింది. మంచి నేల అని ఆ గడ్డి చూస్తేనే తెలుస్తోంది. ఇంటికి తాళం.

పక్కింటి ముసలాయన వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు. అడిగాను.

"బళ్ళారి దిక్కు కాలవ పనికి పోయినారు. పిల్లోళ్ళను కూడా పిలుసుకొని పోయినారు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చి ఏం జేస్తారప్పా?" అన్నాడు. కాసేపు తాడు పేనుకుని, నేను అడగకుండానే చెప్పాడు. "వాన పడిన దినం ఆయమ్మ చేని గట్టు మీద నిలబడి తడుస్తా ఏడ్సినాది. ఇంటికి రాయే అంటే, ఈ వాన పడకున్నా బాగుండునే అన్నాది. నాకు డెబ్బై ఏండ్లు. ఈ సీమలో ఆ మాట అన్న మనిషిని యాడా జూడలేదప్పా."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. వాన కోసం మొక్కుకునే సీమలో, వాన పడకూడదని ఒక ఆడమనిషి చేత అనిపించినవాణ్ణి నేను.

తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటిని తీసుకోవలెను అని ఫారం వెనక సూచన ఉంది. తీసుకున్నాను. ముసలాయన అడిగిందానికల్లా జవాబు చెప్పాడు. ఏడో ఇంటి సంఖ్య మారలేదు, మనుషులు మారారు. పై ఆఫీసువాళ్ళకు ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఆ మొగుడూ పెళ్ళాం తిరిగొచ్చారా అని తర్వాత రెండుసార్లు విచారించాను. ఎవరికీ తెలియదన్నారు. ఉత్తరం ఎన్నాళ్ళో దాచుకున్నాను, చివరికి మడతల దగ్గర చినిగిపోయింది.

పిల్లలూ, ఇప్పుడు మీ ఫారాలు వేరు, మీ యంత్రాలు వేరు. జీతం ఎవరిది ఎక్కువ, బాకీలు పోగా ఎవరికెంత మిగులుతుంది అని మీరూ పోల్చుకుంటూనే ఉంటారు. పోల్చుకోండి. కానీ ఎవరింటి మూలైనా నిలబెట్టి ఉన్నదాన్ని మిగులు అని రాసేముందు, అది ఏమిటని ఆ ఇంటివాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది రిమార్కుల్లో రాయండి. పైవాళ్ళు అరిస్తే అరవనీయండి. నాకు ఆమె చెప్పింది. నేను అడగకుండానే చెప్పింది. నేను రాయలేదు.

ఆ దసరాకు నా ఉద్యోగం పర్మినెంటు అయింది. ఫారాలు శుభ్రంగా, కొట్టివేతలు లేకుండా, అనవసరపు రిమార్కులు లేకుండా రాస్తాడని సూపరింటెండెంటు నా గురించి రాశాడట. జీతం ఐదు రూపాయలు పెరిగింది. ఐదో తారీఖు సాయంత్రం ఎప్పటిలాగే నలుగురం కూర్చున్నాం. టైపిస్టుకు కొత్తగా పెళ్ళయింది, అతనికి రెండు రూపాయలే మిగిలాయి. పెద్ద గుమాస్తాకు ఎప్పటిలాగే ఏమీ లేదు. రైతు కొడుకు నాలుగు అన్నాడు.

"నీకెంతప్పా?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"పదకొండు" అన్నాను.

ఆ నెల నాదే ఎక్కువ. అందరికీ టీ నేనే పోయించాను.